సాకేత్ వాగు నుంచి యమునా తీరానికి

దేశ రాజధానికి బదిలీపై వచ్చే మన తెలుగు ఉద్యోగుల కుటుంబాలు తొలి ఏడాదిలోనే ఎర్రకోట, కుతుబ్ మీనారు, ఇండియా గేటు చూసి వస్తాయి. స్వస్థలం నుంచి బంధువులు వచ్చినప్పుడల్లా మళ్ళీ అవే ప్రదేశాలకు ప్రయాణం. తాము నివసించే పేట చుట్టుపక్కల ఏమున్నదో తెలుసుకొనే తీరిక మాత్రం చాలామందికి చిక్కదు. దక్షిణ ఢిల్లీలోని సాకేత్ పేరు చెప్పగానే ఎవరికైనా పెద్ద పెద్ద మాల్స్, ఆసుపత్రులు, 1997లో దేశపు మొట్టమొదటి మల్టీప్లెక్సుగా పేరు తెచ్చుకొన్న సినిమాహాలు గుర్తుకు వస్తాయి. సాకేతమన్నది అయోధ్యకు ప్రాచీన నామం. ఇక్కడ ఆ పేరు కొత్తదే అయినా, పేరు పెట్టిన నేల మాత్రం చాలా పాతది.

సాకేత్ పరిసరాలలో నివాసముంటున్న మేము నాలుగు కుటుంబాల వాళ్ళం కలిసి ఒక శీతాకాలపు ఆదివారం జరిపిన చిన్న యాత్ర ఇది. నీటినీ, ఎండనూ లెక్కలోకి తీసుకొని మానవుడు నిర్మించిన మూడు కట్టడాలను ఈ వ్యాసంలో పాఠక మిత్రులకు పరిచయం చేయదలచాము. వాటిలో రెండు సాకేత్ ముంగిటనే ఉన్నాయి. మూడవది యమునా తీరాన ప్రగతి మైదానంలో ఉండేది. ఆరున్నర, ఏడు శతాబ్దాల నాటి మొదటి రెండూ నేటికీ నిలిచి ఉండగా, నలభై అయిదేళ్ళయినా నిండని మూడవది మాత్రం ఇప్పుడు లేదు.

ఏడు వంతెనల ఆనకట్ట

ప్రెస్ ఎన్‌క్లేవ్ రోడ్డుకు ఒక వైపున అద్దాల మేడలవంటి మాల్స్ బారులు తీరి ఉంటాయి. ఎదుటి వైపున ఇరుకు సందుల ఖిర్కీ గ్రామం. ఆ గ్రామం అంచున రాతితో, సున్నంతో కట్టిన ఒక దిట్టమైన గోడ, దానిలో వరుసగా కమానులు కనిపిస్తాయి. ఇదే సత్‌పులా, అనగా ఏడు వంతెనలు. మహమ్మద్ బిన్ తుగ్లక్ (పాలనాకాలం 1325–1351) నిర్మించిన జహాన్‌పనా నగరపు దక్షిణ ప్రాకారంలో ఇది ఒక భాగం. అప్పటికే ఉన్న పాత ఢిల్లీ కోటనూ, సిరి కోటనూ కలుపుతూ సుల్తాను ఈ ప్రాకారాన్ని తలపెట్టాడు. ఖర్చు పెరిగిపోవడంతో కొంత భాగం పూర్తికాకుండానే ఆగిపోయిందని ఆ కాలంలో ఢిల్లీలో నివసించిన యాత్రికుడు ఇబ్న్ బతూతా వ్రాశాడు.

ప్రాకారానికి అడ్డంగా ఒక వాగు వస్తుంది. వాగును ఆపితే వరద గోడను పడగొడుతుంది, వదిలేస్తే శత్రువు ఆ దారినే లోపలికి వస్తాడు. ఆనాటి స్థపతులు ఈ చిక్కును చక్కగా పరిష్కరించారు. గోడనే ఆనకట్టగా మలచి, దానిలో ఏడు ప్రధానమైన కమానులనూ, వాటికి ఇరువైపులా నాలుగు చిన్న కమానులనూ, మొత్తం పదకొండు ద్వారాలను అమర్చారు. ద్వారాలకు పైకీ క్రిందికీ జరిగే తలుపులుండేవి. ధవళేశ్వరంలో తలుపులెత్తి దించడం చూసిన మనవారికి ఈ ఏర్పాటును వివరించనక్కరలేదు. వానాకాలంలో నిలిపిన నీరు ఎండాకాలానికి అక్కరకు వచ్చేది. రెండు చివరలా ఉన్న అష్టకోణపు బురుజులు కాపలాకు ఉపయోగపడేవి. మన ఊళ్ళలో తూము, అలుగు, మత్తడి అని వేర్వేరుగా చెప్పుకొనే పనులన్నింటినీ ఈ ఒక్క గోడ నిర్వహించేదన్నమాట.

ఈ సుల్తానుతో తెలుగువారికి పాత పరిచయమే ఉన్నది. రాకుమారుడుగా ఉలుఘ్ ఖాన్ అన్న పేరుతో 1323లో ఓరుగల్లును జయించి, కాకతీయ ప్రతాపరుద్రుని బందీగా ఢిల్లీకి పంపినది ఇతడే. రామప్ప, పాకాల వంటి మహా తటాకాలు నిండి ఉన్న దేశాన్ని కళ్ళారా చూసిన వ్యక్తి ఢిల్లీలో ఆనకట్ట కట్టించాడు. ఒకదానికి మరొకటి కారణమని చెప్పలేము గాని, ఓరుగల్లు చరిత్ర చదివినవారికి ఈ కమానుల క్రింద నిలబడినప్పుడు ఆ తలపు రాక మానదు.

చిరాగ్ ఢిల్లీగా ప్రసిద్ధుడైన సూఫీ సాధువు నసీరుద్దీన్ ఈ నీటితో కాళ్ళూ చేతులూ కడుగుకొని ప్రార్థన చేసేవాడనీ, అందువల్ల ఈ నీటికి రోగాలు నయంచేసే గుణం వచ్చిందనీ ఇక్కడివారి నమ్మకం. దీపావళి రోజులలో ఇక్కడ తిరునాళ్ళ జరిగే ఆచారం చాలాకాలం కొనసాగింది. వరదను ఆపడానికి కట్టిన కట్టడం జనులకు తీర్థమైనది.

నేడు ఆ నీరు లేదు. చెరువు నేల పిల్లలు ఆడుకొనే మైదానంగా మారింది. వాగు మురుగు కాలువ అయినది. మాతో వచ్చిన చిన్నారి ఒకతె కమానులన్నీ లెక్కపెట్టి, "వంతెనలు ఉన్నాయి గాని నీళ్ళేవి నాన్నగారూ?" అని అడిగింది. పురావస్తు శాఖ రక్షణలో కట్టడం భద్రంగానే ఉన్నది. అయితే కట్టడానికి కారణమైన వాగును కాపాడే బాధ్యత ఆ రక్షణలో చేరలేదు.

కిటికీల మసీదు

సత్‌పులాకు కొద్ది దూరంలో, ఇళ్ళ మధ్యన చిక్కుకొన్నట్లుగా ఖిర్కీ మసీదు ఉన్నది. ఖిర్కీ అంటే కిటికీ. గ్రామానికి పేరు వచ్చినదీ దీనినుంచే. ఫిరోజ్ షా తుగ్లక్ ప్రధాన మంత్రి జునాన్ షా దీనిని కట్టించాడు. ఇక్కడ మళ్ళీ ఒక తెలుగు ముడి కనిపిస్తుంది. జునాన్ షా తండ్రి మక్బూల్ తెలంగాణీ కాకతీయుల కొలువు నుంచి ఢిల్లీకి చేరి, మతం మారి, సామ్రాజ్యంలో సుల్తాను తరువాతి వాడుగా ఎదిగినవాడు. ఇతడే గన్నమనాయకుడని మన చరిత్రకారులలో కొందరు గుర్తించారు.

ఉత్తర భారతదేశంలోని మసీదులకు సాధారణంగా మధ్యన విశాలమైన ఆరుబయలు ప్రాంగణం ఉంటుంది. ఇక్కడ ఆ పద్ధతి లేదు. పై భాగాన్ని అడ్డంగా, నిలువుగా ఇరవై అయిదు చతురస్రాలుగా విభజించారు. వాటిలో నాలుగింటిని ఆకాశానికి విడిచిపెట్టారు. తొమ్మిదింటిపై తొమ్మిదేసి చొప్పున ఎనభై ఒక్క చిన్న గుమ్మటాలను నిలిపారు. మిగిలిన పన్నెండింటికి చదునైన కప్పు వేశారు. గోడలలోని కిటికీలకు రాతి జాలీలను బిగించారు.

బయట మిట్టమధ్యాహ్నపు ఎండ కాస్తున్నా, లోపల అడుగుపెట్టగానే చల్లదనం తాకుతుంది. నాలుగు తెరపల నుంచి వెలుగు దిగుతుంది, జాలీల గుండా గాలి వస్తుంది. ఎండను పూర్తిగా వెలివేస్తే లోపల చీకటి, పూర్తిగా రానిస్తే లోపల నిప్పుల కొలిమి. ఎంత వెలుగు కావాలో అంతే తూచి తీసుకొనే నేర్పు జాలీది. కరెంటు, పంకా లేని కాలంలో ఉత్తరాది వేసవిని తట్టుకోవడానికి మనుషులు కనుగొన్న సాంకేతిక విజ్ఞానం ఇది. ఈ జాలీని పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాము. ఆరు శతాబ్దాల తరువాత ఇది మరొక రూపంలో మనకు ఎదురవుతుంది.

వాగు వెంట

సత్‌పులాను దాటిన వాగు చిరాగ్ ఢిల్లీ పక్కగా ఉత్తరానికి సాగి, బారాపులా నాలాలో కలిసి, సరాయ్ కాలేఖాన్ సమీపంలో యమునకు చేరుతుంది. మేము కూడా ఆ దిశలోనే ప్రయాణం సాగించాము. నిజాముద్దీన్ వద్ద జహాంగీరు కాలపు బారాపులా వంతెన వస్తుంది. పన్నెండు స్తంభాలు, పదకొండు కమానులు. కామన్వెల్త్ క్రీడల కోసం 2010లో నాలాపై ఎత్తుగా కట్టిన రహదారికి కూడా ఈ వంతెన పేరే పెట్టారు. ఆ రహదారిపై కార్లలో దూసుకుపోయే వేలాదిమందిలో తాము ఒక ఉపనది మీదుగా పోతున్నామని ఎరిగినవారు అరుదు. మక్బూల్ తెలంగాణీ సమాధి కూడా నిజాముద్దీన్ బస్తీలోనే ఉన్నది. ఢిల్లీలో కట్టిన మొదటి అష్టకోణ సమాధిగా వాస్తు చరిత్రలో దానికి స్థానమున్నది.

అక్కడినుంచి మధుర రోడ్డుమీదుగా ఉత్తరానికి పోతే కుడి వైపున పురానా కిలా వస్తుంది. ఒకప్పుడు యమున ఈ కోట గోడల ప్రక్కగానే ప్రవహించేది, కోట కందకానికి నీరు నదినుంచే అందేది. కాలక్రమేణ నది తూర్పుకు జరిగింది. కోటకు ఆనుకొని, మధుర రోడ్డుకూ రింగు రోడ్డుకూ నడుమ ఉన్నదే ప్రగతి మైదానం. మన ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులకు ఈ పేరును ప్రత్యేకంగా పరిచయం చేయనక్కరలేదు. ప్రతి సంవత్సరం నవంబరు 14 నుంచి జరిగే అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శనలో స్టాళ్ళ వద్ద నిలబడినవారు, ఆ స్టాళ్ళు చూడడానికి పిల్లలతో వచ్చి, మన రాష్ట్రపు మండపంలో కొండపల్లి బొమ్మలు కొనుక్కొని పోయినవారు మనలో ఎందరో ఉన్నారు.

స్తంభాలు లేని శాల

స్వాతంత్ర్యం సిద్ధించి 25 సంవత్సరాలు నిండిన సందర్భంలో, 1972 నవంబరులో 'ఆసియా 72' అనే అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శన ప్రగతి మైదానంలో ప్రారంభమైంది. దానికోసం నిర్మించినవే హాల్ ఆఫ్ నేషన్స్, హాల్ ఆఫ్ ఇండస్ట్రీస్. రూపకల్పన చేసినవారు వాస్తుశిల్పి రాజ్ రేవాల్. నిర్మాణాన్ని లెక్కగట్టి నిలబెట్టినవారు ఇంజనీరు మహేంద్ర రాజ్. చండీగఢ్ నిర్మాణంలో లె కార్బూజియే వద్ద పనిచేసిన అనుభవం మహేంద్ర రాజ్‌కు ఉన్నది. లోదీ రోడ్డులో ప్రభుత్వరంగ సంస్థల కార్యాలయాలు కొలువున్న స్కోప్ కాంప్లెక్సు కూడా రాజ్ రేవాల్ రూపకల్పనే అని తెలిస్తే మన పాఠకులు సంతోషిస్తారు.

ఒక ప్రదర్శనశాలకు కావలసినది ఏమిటి? పుస్తకం మొదలు బుల్‌డోజరు వరకు ఏ వస్తువైనా పెట్టుకొనేందుకు అడ్డులేని విశాలమైన చోటు. హాల్ ఆఫ్ నేషన్స్ లోపల డెబ్బై మీటర్లకు పైబడిన వెడల్పులో ఒక్క స్తంభం కూడా ఉండేది కాదు. శిఖరం కోసిన పిరమిడ్డు దాని ఆకారం. గోడ, కప్పు అని రెండు వేర్వేరు భాగాలు లేకుండా, త్రికోణాలుగా కూర్చిన కాంక్రీటు కడ్డీల అల్లిక ఒక్కటే నేలనుంచి లేచి పైకి వాలి కప్పుగా మారేది. ఇంజనీర్లు దీనిని స్పేస్ ఫ్రేమ్ అంటారు. మన ఇళ్ళలో నులకమంచం పట్టెను తలచుకొంటే ఇది కొంత బోధపడుతుంది. ఏ ఒక్క పేటా బరువంతా మోయదు, పేటలన్నీ కలిసి పంచుకొంటాయి.

ఇటువంటి అల్లికలను ఇతర దేశాలలో ఉక్కుతో కట్టేవారు. 1970 ప్రాంతంలో మన దేశంలో అందుకు తగిన ఉక్కు భాగాలు సులభంగా, చౌకగా దొరికేవి కావు. దొరికినవి సిమెంటు, ఇసుక, కంకర, వడ్రంగులు, తాపీ పనివారు, కూలీలు. అందువల్ల ఈ శాలను కాంక్రీటుతో, అదీ ఫ్యాక్టరీలో గాక అక్కడికక్కడే చెక్క అచ్చులు కట్టి పోతపోసి నిర్మించారు. ఇంత విశాలమైన స్పేస్ ఫ్రేమును కాంక్రీటుతో కట్టడం ప్రపంచంలో అదే మొదటిసారి అని వాస్తు చరిత్రకారులు చెబుతారు. ఈ కథ మన తెలుగువారికి కొత్తది కాదు. 1955లో పునాదిరాయి పడిన నాగార్జునసాగర్‌ను కూడా యంత్రాల కొరత ఉన్న రోజులలో వేలాదిమంది చేతులమీదుగా రాతితో కట్టుకొన్నాము. లేనిదానికోసం ఎదురుచూడకుండా, ఉన్నదానితోనే అసాధ్యమనుకొన్నది సాధించడం ఆ తరం ఇంజనీర్ల గొప్పదనం.

ఇక ఎండ సంగతి. లోతైన ఆ త్రికోణపు గదులే ఎండకు అడ్డుగా పనిచేసేవి. సూటిగా వచ్చే కిరణాలను ఆపి, వెలుగును మాత్రం లోనికి పంపేవి. ఖిర్కీ మసీదులో మేము చూసిన జాలీయే ఇక్కడ కొండంత ఎత్తున నిలబడిందని చెప్పవచ్చు. తేడా ఒక్కటే. అక్కడ గోడ బరువు మోస్తుంది, జాలీ వెలుగును తూస్తుంది. ఇక్కడ బరువు మోసేదీ, వెలుగును తూచేదీ ఒకటే అల్లిక. ఎనభైలలో మా సంస్థ స్టాలులో విధులు నిర్వహించిన పెద్దాయన ఒకరు మా వెంట వచ్చారు. ఉదయం నుంచి సాయంత్రం వరకు నేలమీద త్రికోణపు ఎండముక్కలు మెల్లగా జరుగుతూ ఉండేవనీ, గడియారం చూడకుండానే భోజనవేళ తెలిసేదనీ ఆయన చెప్పారు.

అదే మైదానంలో రాజ్ రేవాల్ రూపొందించిన నెహ్రూ మండపం కూడా ఉండేది. పచ్చిక కప్పిన మట్టికట్ట నడుమ ఒదిగి, దూరంనుంచి బౌద్ధ స్తూపపు దిబ్బవలె కనిపించేది. ఒకే వాస్తుశిల్పి ఒకచోట ఎండతోనూ, మరొకచోట మట్టితోనూ సంధి చేసుకొన్నారన్నమాట.

ఒక్క రాత్రిలో

ప్రగతి మైదానాన్ని తిరిగి నిర్మించే ప్రణాళికలో ఈ శాలలను తొలగించాలని నిర్ణయించారు. దేశవిదేశాల వాస్తుశిల్పులు, మ్యూజియంల నిర్వాహకులు వద్దని విజ్ఞప్తి చేశారు. విషయం ఢిల్లీ హైకోర్టు వరకు వెళ్ళింది గాని, ఫలితం లేకపోయింది. అరవై సంవత్సరాలు నిండిన కట్టడాలను మాత్రమే వారసత్వ సంపదగా పరిశీలిస్తామని సంబంధిత కమిటీ తెలియజేసింది. 2017 ఏప్రిల్ 23 రాత్రి మొదలైన కూల్చివేత తెల్లవారేసరికి హాల్ ఆఫ్ నేషన్స్‌ను నేలమట్టం చేసింది. తరువాత 2022లో న్యూయార్కులోని ఆధునిక కళా మ్యూజియం దక్షిణాసియా వాస్తుశిల్పంపై పెద్ద ప్రదర్శన జరిపినప్పుడు, అందులో ప్రముఖంగా నిలిచిన కట్టడాలలో ఇది ఒకటి. ప్రదర్శనశాల తానే ఒక ప్రదర్శన వస్తువైనది.

భారత్ మండపం

నేడు ఆ మైదానంలో శంఖాన్ని తలపించే ఆకృతితో భారత్ మండపం వెలసి ఉన్నది. 2023 జులై 26న ప్రారంభమైన ఈ సముదాయం 123 ఎకరాల ఆవరణలో, సుమారు 2,700 కోట్ల రూపాయల వ్యయంతో నిర్మితమైంది. అదే సంవత్సరం సెప్టెంబరు 9, 10 తేదీలలో జి-20 దేశాల శిఖరాగ్ర సమావేశం ఇక్కడే జరిగింది. ఏడు వేలమంది కూర్చోగల సభాప్రాంగణం, తమిళనాడులోని స్వామిమలై శిల్పులు పోతపోసిన 27 అడుగుల నటరాజ విగ్రహం, క్రిందనుంచి సాగే సొరంగ మార్గం చూపరులను ఆకట్టుకొంటాయి. పాత శాలలో ఇటువంటి మహాసభలకు సౌకర్యాలు లేవన్న మాటా వాస్తవమే. దేశం పెరిగినప్పుడు దాని అవసరాలూ పెరుగుతాయి.

అయితే నది మాత్రం తన పాత లెక్కలు మరచిపోలేదు. మండపం ప్రారంభానికి పదమూడు రోజుల ముందు, 2023 జులై 13న, యమున 208.66 మీటర్ల మట్టానికి పొంగి, అంతకుముందు 1978లో నమోదైన రికార్డును దాటింది. రింగు రోడ్డుమీదికీ, ఎర్రకోట వెనుక గోడల వరకూ నీరు వచ్చింది. వాగులను మురుగు కాలువలుగా మార్చి, చెరువులను మైదానాలుగా మార్చిన నగరంలో వాన నీటికి ఆగే చోటు తక్కువ. ఆ నీటిని నిలిపి వాడుకోవడానికే సత్‌పులాను కట్టారన్న సంగతి అప్పుడు గుర్తుకు రావాలి.

అరవై ఏళ్ళ లెక్క

ఈ యాత్ర ముగిసిన తరువాత మా మధ్య సాగిన చర్చ అంతా ఆ అరవై ఏళ్ళ లెక్క గురించే. వయసు నిండినందువల్ల సత్‌పులా బ్రతికింది, నిండనందువల్ల హాల్ ఆఫ్ నేషన్స్ పోయింది. వయసుకు విలువ ఉన్నది గాని, అది ఒక్కటే కొలబద్ద అయితే స్వతంత్ర భారతం కట్టుకొన్న ఏ కట్టడమూ అరవై ఏళ్ళు చూడకుండానే పోయే ప్రమాదమున్నది.

ఈ ప్రశ్న మనకు దూరపుది కాదు. అరవైలలో, డెబ్బైలలో వెలసిన ప్రభుత్వరంగ సంస్థల కర్మాగారాలు, టౌన్‌షిప్పులు, పాఠశాలలు, కమ్యూనిటీ హాళ్ళు ఇప్పుడు సరిగా ఆ వయసుకు చేరుకొంటున్నాయి. వాటిలో కొన్నింటిని మార్చక తప్పదు, కొన్నింటిని తీసివేయకా తప్పదు. కాని ఆ పనికి పూనుకొనే ముందు నక్షాలను భద్రపరచడం, ఛాయాచిత్రాలు తీయించడం, కట్టినవారిలో ఇంకా మన మధ్య ఉన్న విశ్రాంత ఉద్యోగులను అడిగి వారి జ్ఞాపకాలను వ్రాసి ఉంచడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. ఏ గాలివాటును చూసి కిటికీ పెట్టారో, ఏ వాన నీటిని తలచి కాలువ తీశారో తెలిసినవారు పోయిన తరువాత ఎంత వెదకినా ఆ సమాధానం దొరకదు.

చూడదలచినవారికి ఒక సూచన. సాకేత్ ప్రాంతానికి మెట్రో పసుపు మార్గంలో మాలవీయ నగర్ స్టేషనులో దిగవచ్చు. సత్‌పులా, ఖిర్కీ మసీదు రెండింటినీ ఒక్క పూటలో చూడవచ్చు. ప్రగతి మైదానానికి సుప్రీంకోర్టు పేరుతో ఉన్న నీలి మార్గపు స్టేషను దగ్గర. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. పిల్లలను తప్పక వెంట తీసుకొని వెళ్ళండి. సత్‌పులాలో కమానులు లెక్కపెట్టించి, ఆ తలుపులు ఎవరు, ఎప్పుడు, ఎందుకు ఎత్తేవారో చెప్పండి. నీళ్ళేవి అని వారు తప్పక అడుగుతారు. దానికి మనమందరం కలిసి సమాధానం వెదకవలసి ఉన్నది.